అంతరిక్ష వ్యాపారంలో దేన్ని ఎంచుకోవాలి: ఉపగ్రహాలు, చంద్రుడి ఆక్సిజన్, హీలియం-3, గ్రహశకలాల పోలిక

సైకీ అనే గ్రహశకలం గురించి ఒక్కసారి చదివినవాళ్లకు కూడా ఒక అంకె గుర్తుండిపోతుంది. అందులోని లోహాల విలువ ఒకటి పక్కన 19 సున్నాలు పెట్టినన్ని డాలర్లట. ప్రపంచ దేశాలన్నిటి ఏడాది ఆదాయం కలిపినా అందులో లక్షో వంతు ఉంటుంది. ఆ అంకె ఎలా పుట్టిందో చూడండి. గ్రహశకలం బరువు అంచనా వేశారు, అదంతా ఇనుము, నికెల్ అనుకున్నారు, భూమి మీద మార్కెట్ ధరతో గుణించారు. అక్కడికి వెళ్లే ఖర్చు లెక్కలో లేదు, తెచ్చే ఖర్చు లేదు, అంత ఇనుము ఎవరు కొంటారన్న ప్రశ్న అసలే లేదు. నాసా 2023 అక్టోబరులో పంపిన సైకీ నౌక 2029లో గానీ అక్కడికి చేరదు. దూరం నుంచి వేసిన అంచనాల్లో దాని సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 4 గ్రాముల దగ్గర తేలింది. ఇనుముది దాదాపు 8. అంటే అది నిండు లోహపు ముద్ద అయ్యే అవకాశం తక్కువ. రాయి కలిసి ఉండాలి, లేదా లోపల ఖాళీలుండాలి.

ఇలాంటి అంకెలు చూసి డబ్బు పెట్టేవాళ్లున్నారు, చదువులు ఎంచుకునేవాళ్లున్నారు, కంపెనీలు మొదలుపెట్టేవాళ్లున్నారు. అంతరిక్షంలో వ్యాపారం నిజంగానే పెరుగుతోంది. అందుకే ఏ దారి ఎటు పోతుందో ముందే తెలుసుకోవడం ముఖ్యం. "అంతరిక్ష రంగం" అని ఒకే పేరుతో పిలిచే ఈ గంపలో ఇవాళ లాభాలు తెస్తున్న వ్యాపారమూ ఉంది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిలబడుతుందో లేదో చెప్పలేని కలా ఉంది. రెండింటికీ ఒకే తూకం వేస్తే మోసపోతాం.

ఏ ప్రతిపాదన కనబడినా నేను మూడు ప్రశ్నలు వేస్తాను. కొనేవాళ్లు ఎవరు? సరుకు వాడేది ఎక్కడ, భూమి మీదా, పైనేనా? ఆ సరుకు అక్కడ ఉందని ఎవరైనా దగ్గరికి వెళ్లి కొలిచారా? ఈ మూడింటిలో రెండోదాన్ని జనం పెద్దగా పట్టించుకోరు. నా దృష్టిలో మిగతా రెండింటికన్నా అదే బరువైనది.

దూరం కన్నా వేగమే ఖర్చు

భూమి ఆకర్షణను దాటాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. చంద్రుడి నుంచి బయటపడటానికి 2.4 చాలు. కావలసిన వేగం పెరిగేకొద్దీ ఇంధనం అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంతకూ రెట్లు పెరుగుతుంది. రాకెట్ బరువులో సింహభాగం ఇంధనమే కావడానికి కారణం ఇదే. కాబట్టి అంతరిక్షంలో ఏ వస్తువు విలువైనా అది ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. భూమి మీద లీటరు నీళ్లకు విలువ దాదాపు లేదు. అదే నీళ్లు చంద్రుడి కక్ష్యలో ఉంటే వేల డాలర్లు. ప్లాటినం సంగతి తిరగబడుతుంది. పైన దాన్ని వాడుకునేవాళ్లు లేరు, కిందికి తెస్తేనే విలువ, తేవడమే అసలు ఖర్చు.

ఒక నిజమైన లెక్క చూద్దాం. నాసా వారి ఒసైరిస్-రెక్స్ 2016లో బయల్దేరి, బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023 సెప్టెంబరులో 121.6 గ్రాముల మట్టి తెచ్చింది. మొత్తం ఖర్చు వంద కోట్ల డాలర్ల పైమాటే. గ్రాముకు 80 లక్షల డాలర్లకు పైగా పడింది. అది విజ్ఞానం కోసం చేసిన యాత్ర, అమ్మకం కోసం కాదు. ఆ మట్టిలో సౌరకుటుంబం పుట్టుక గురించిన సమాచారం ఉంది, దానికి వెల కట్టలేం. కానీ గని తవ్వుతామంటున్నవాళ్లు దాటాల్సిన దూరం ఎంతో ఈ అంకె చెబుతుంది. బంగారమే గ్రాము వంద డాలర్ల పైచిలుకు అమ్ముడుపోయే లోకంలో, ఆ ఖర్చు దాదాపు లక్ష రెట్లు తగ్గితే గానీ పెట్టింది తిరిగిరాదు.

ఇవాళ్టికి గట్టి నేల: భూకక్ష్య

బరువే శత్రువైనప్పుడు, బరువు లేని సరుకు అమ్మేవాడు గెలుస్తాడు. సమాచారానికి బరువు లేదు. ఫోన్ మాట, ఇంటర్నెట్, పంటల ఫొటో, తుపాను దారి, ఓడ ఎక్కడుందన్న కబురు, ఇవన్నీ రేడియో తరంగాల మీద దిగివస్తాయి. వాటికి తిరుగు ప్రయాణపు ఖర్చు లేదు. స్పేస్ ఫౌండేషన్ లెక్కలో 2024లో ప్రపంచ అంతరిక్ష ఆర్థిక వ్యవస్థ సుమారు 61 వేల కోట్ల డాలర్లు. అందులో నాలుగింట మూడొంతులకు పైగా వాణిజ్యమే. ఆ డబ్బు దాదాపు అంతా భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల మీద, వాటి సేవల మీద, కింద వాటి సంకేతాలు అందుకునే పరికరాల మీద వచ్చిందే. గనుల నుంచి వచ్చింది సున్నా.

ఈ రంగం ఇంతగా ఎదగడానికి ప్రయోగ ఖర్చు పడిపోవడం పెద్ద కారణం. స్పేస్ షటిల్‌లో కిలో బరువు కక్ష్యకు చేర్చడానికి 50 వేల డాలర్ల పైన అయ్యేదని అంచనా. స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్ 9 పూర్తి లోడుతో వెళ్తే 3 వేల దరిదాపుల్లోకి వచ్చింది. 2015 డిసెంబరులో మొదటిసారి దాని కింది దశ నిటారుగా నేల మీద దిగింది, 2017 మార్చిలో వాడిన దశనే మళ్లీ ఎగరేశారు. ఇప్పుడది రోజువారీ పని అయిపోయింది. అదే కంపెనీ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ ఉపగ్రహాలు 7 వేలు దాటాయి, చందాదారులు 2024 చివరికే 40 లక్షలు దాటారు.

అలాగని కళ్లు మూసుకుని దిగమని చెప్పను. ఇరిడియం సంగతి గుర్తుంచుకోవాలి. 66 ఉపగ్రహాలతో ప్రపంచమంతటా ఫోన్ సౌకర్యం ఇస్తామని దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టారు. ఉపగ్రహాలు చక్కగా పనిచేశాయి. కానీ ఈలోగా నేల మీద సెల్ టవర్లు వచ్చేశాయి, బరువైన ఖరీదైన ఫోన్‌ను కొనేవాళ్లు దొరకలేదు. 1999 ఆగస్టులో దివాలా తీసింది. తర్వాత ఆ ఆస్తులను కొత్త యాజమాన్యం రెండున్నర కోట్ల డాలర్లకు కొనుక్కుని, ఓడలకు, విమానాలకు, సైన్యాలకు సేవలమ్మి నిలబెట్టింది. టెక్నాలజీ అదే, ఉపగ్రహాలవే. మారింది కొనేవాళ్లూ, పెట్టుబడి భారమూ. ఇక రద్దీ ఇంకో ప్రమాదం. 2009లో ఇరిడియం ఉపగ్రహం ఒకటి పనిచేయని రష్యన్ ఉపగ్రహాన్ని ఢీకొని వేల ముక్కలైంది. ఇప్పుడున్న రద్దీ అప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ రద్దీలోంచే ఇంకో మంచి వ్యాపారం పుడుతోంది: కక్ష్యలో మరమ్మతు, లాగుడు, చెత్త తొలగింపు. 2020 ఫిబ్రవరిలో నార్త్‌రప్ గ్రుమ్మన్ వారి ఎంఈవీ-1 నౌక, ఇంటెల్‌శాట్ 901 అనే పాత ఉపగ్రహాన్ని పట్టుకుంది. 2001లో వెళ్లిన ఆ ఉపగ్రహంలో ఇంధనం అయిపోవస్తోంది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. దాన్ని తయారు చేసినప్పుడు ఇంకో నౌక వచ్చి పట్టుకుంటుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి పట్టుకోవడానికి పిడి లేదు. అందుకని ఎంఈవీ-1 తన కడ్డీని ఉపగ్రహం ఇంజిన్ గొట్టంలోకి దూర్చి, లోపల విప్పుకుని, గట్టిగా లాక్కుని అతుక్కుంది. అక్కణ్నుంచి దానికి తానే ఇంజిన్ అయింది. ఐదేళ్ల సేవకు ఉపగ్రహం యజమాని డబ్బు కట్టాడు. నాకు ఈ ఉదాహరణంటే ఎంతో ఇష్టం. కొనేవాడున్నాడు, వాడకం పైనే ఉంది, ఉపగ్రహం ఎక్కడుందో అంగుళాలతో సహా తెలుసు. మూడు ప్రశ్నలకూ జవాబుంది.

కక్ష్యలో తయారీ దీనికన్నా ఒక మెట్టు కింద ఉంది. వార్డా అనే కంపెనీ రిటోనవిర్ అనే మందు స్ఫటికాలను భారరహిత స్థితిలో తయారుచేసి 2024 ఫిబ్రవరిలో గుళికలో యూటా ఎడారిలో దింపింది. మందులో కొద్ది గ్రాములకే చాలా విలువ ఉండొచ్చు కాబట్టి ఆలోచనలో పస ఉంది. అయితే పైన తయారైన మందు కింద తయారైన దానికన్నా అంత డబ్బు పెట్టదగినంత మెరుగని మందుల కంపెనీలు ఒప్పుకోవాలి. ఆ నిరూపణ కోసం ఎదురుచూడటం మంచిది.

పర్యటన గురించి రెండు ముక్కలు చాలు. 2001లో డెనిస్ టిటో అనే అమెరికా కోటీశ్వరుడు దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టి అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. 2022లో ఆక్సియమ్ అనే ప్రైవేటు కంపెనీ యాత్రలో సీటు 5 కోట్ల పైన పలికింది. ధర తగ్గలేదు సరికదా పెరిగింది. కోటీశ్వరుల సంఖ్య మీద ఆధారపడిన వ్యాపారం ఇది. చిన్న మదుపరికి ఇందులో పనిలేదు.

చంద్రుడు: మంచు ముందా, మన్ను ముందా

చంద్రుడి నీటి కథ నిజంగా ఉత్సాహం కలిగించేది. 2009లో చంద్రయాన్-1 మీద ఉన్న పరికరం చంద్రుడి నేల మీద నీటి జాడలు చూపించింది. అదే ఏడాది అక్టోబరు 9న నాసా ఒక ఖాళీ రాకెట్ దశను దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలోకి కావాలని గుద్దించి, లేచిన దుమ్మును కొలిచింది. ఆ దుమ్ములో బరువులో 5 శాతం పైచిలుకు నీరు తేలింది. నీటిని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. రెండూ కలిస్తే రాకెట్ ఇంధనం. భూమి నుంచి ఇంధనం మోసుకెళ్లనక్కర్లేదు, చంద్రుడి మీదే నింపుకోవచ్చు అన్న ఆశ అక్కణ్నుంచి మొదలైంది.

ఆ మంచు ఉన్న చోటు చూడండి మరి. కోట్ల ఏళ్లుగా ఎండ పడని బిలాల అడుగున ఉంది. సున్నాకు 200 డిగ్రీలకన్నా కింద చలి. సోలార్ పలకలు అక్కడ పనిచేయవు. ఆ చలిలో లోహం పెళుసెక్కుతుంది, కందెన గడ్డకడుతుంది. మంచు గడ్డలుగా ఉందో, మట్టి రేణువులకు అంటుకుని ఉందో తేలాలంటే అక్కడ నేల తవ్వాలి. ఆ పని కోసమే వైపర్ అనే రోవర్‌ను నాసా తయారుచేసి, ఖర్చు పెరిగిందని 2024 జూలైలో రద్దు చేసింది. 2025లో మళ్లీ ప్రాణం పోసి, బ్లూ ఆరిజిన్ ల్యాండర్ మీద పంపాలని నిర్ణయించింది. గని వ్యాపారంలో ఎక్కడైనా మొదటి మెట్టు నేలలో రంధ్రం వేసి చూడటమే. ఆ మెట్టే ఇంకా ఎక్కలేదు.

ఎక్కబోయి జారిన ఉదంతం 2025 మార్చిలోది. ఇంట్యుటివ్ మెషీన్స్ వారి అథీనా ల్యాండర్ దక్షిణ ధ్రువం దగ్గరి మాన్స్ మూటన్ ప్రాంతంలో దిగింది. దాని మీద నాసా డ్రిల్ ఉంది, మీటరు లోతు తవ్వడానికి. ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది. డ్రిల్ ముందుకు, వెనక్కు కదిలింది, అన్ని భాగాలూ పనిచేశాయి. కానీ దాని మొన నేలను తాకలేదు, శూన్యంలోనే కదిలి ఆగిపోయింది. కొన్ని గంటల్లో బ్యాటరీలు అయిపోయాయి. ఏళ్ల తరబడి ఆ డ్రిల్ మీద పనిచేసినవాళ్ల బాధ ఊహించుకుంటేనే మనసు బరువెక్కుతుంది. అంతకు ముందు 2024లో అదే కంపెనీ ఒడిస్సియస్ కూడా ఒరిగింది. ఆస్ట్రోబోటిక్ అనే కంపెనీ పెరెగ్రిన్ ల్యాండర్ చంద్రుణ్ని చేరనే లేదు. జపాన్ ఐస్పేస్ ల్యాండర్లు 2023లో ఒకటి, 2025లో ఒకటి కూలిపోయాయి. ఫైర్‌ఫ్లై వారి బ్లూ గోస్ట్ మాత్రం 2025 మార్చి 2న నిటారుగా దిగి అనుకున్న పని పూర్తిచేసింది. ప్రైవేటు ల్యాండర్ల రికార్డు ఇదీ. దిగడమే ఇంకా నేర్చుకుంటున్న దశలో గని ఆదాయాన్ని ఐదేళ్ల పట్టికలో రాసే కంపెనీని నేను నమ్మను.

కొనేవాళ్ల సంగతి? 2016లో యునైటెడ్ లాంచ్ అలయన్స్ అనే అమెరికా రాకెట్ కంపెనీ తరఫున ధర కూడా చెప్పారు: చంద్రుడి మీద ఇంధనం కిలో 500 డాలర్లకు, భూమి దగ్గరి కక్ష్యలో 3 వేలకు కొంటామని. అప్పట్లో అది మంచి బేరంలాగే కనిపించింది. కానీ రాకెట్లు చవకయ్యేకొద్దీ భూమి నుంచి తెచ్చిన ఇంధనమే దగ్గరి కక్ష్యలో ఆ ధరకు దొరికే రోజు వచ్చేసింది. ఇది రెండంచుల కత్తి. చవక రాకెట్ గని యంత్రాలను చంద్రుడికి తీసుకెళ్లడానికి సాయపడుతుంది, అదే రాకెట్ చంద్రుడి ఇంధనానికి పోటీగా భూమి ఇంధనాన్ని తెచ్చిపెడుతుంది. అందుకే చంద్రుడి ఇంధనం భూకక్ష్యలో అమ్ముతామన్న పథకాలను పక్కన పెట్టండి. చంద్రుడి మీదే వాడే ఇంధనం, చంద్రుడి నుంచి తిరిగొచ్చే ల్యాండర్లకు పోసే ఇంధనం, ఈ రెండే గట్టిగా నిలిచే లెక్కలు. ఆ ల్యాండర్లను నడిపేది ప్రస్తుతానికి ప్రభుత్వాలు. అంటే కొనేది పార్లమెంటుల బడ్జెట్.

మంచు గురించి ఇంత హడావిడి జరుగుతుంటే, మన్నులో ఉన్న ఆక్సిజన్‌కు రావలసినంత గౌరవం రావడం లేదని నాకనిపిస్తుంది. చంద్రుడి మన్ను బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే, ఖనిజాల్లో బంధించి ఉంది. అది ఉందా లేదా అన్న అనుమానమే లేదు. అపోలో తెచ్చిన 382 కిలోల రాళ్లు, మన్ను ప్రయోగశాలల్లో ఉన్నాయి. చీకటి బిలాల్లోకి దిగనక్కర్లేదు, ఎండ ఉన్న చోటే తవ్వుకోవచ్చు. హైడ్రోజన్-ఆక్సిజన్ ఇంజిన్‌లో బరువు ప్రకారం హైడ్రోజన్ ఒక పాలైతే ఆక్సిజన్ ఆరు పాళ్ల దాకా ఉంటుంది. మీథేన్ ఇంజిన్‌లో కూడా మూడు పాళ్ల పైనే. అంటే ఆక్సిజన్ ఒక్కటి అక్కడ దొరికితే మోసే ఇంధనం బరువులో ముప్పాతిక భాగం తగ్గినట్టే. మన్నును 1,600 డిగ్రీల దాకా కరిగించి కరెంటుతో విడగొట్టాలి, కాబట్టి చాలా విద్యుత్తు కావాలి. ఇంజినీరింగ్ కష్టమే, కానీ తెలిసిన కష్టం. మార్స్ మీద పర్సివరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే పెట్టె అక్కడి గాలి నుంచి 16 విడతల్లో మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసి చూపించింది. పద్ధతి వేరైనా, వేరే ప్రపంచంలో ఆక్సిజన్ తయారుచేయగలమని చేతల్లో నిరూపించింది. చంద్రుడి మీద పందెం కాయాలనుకుంటే నేను మంచుకన్నా మన్ను వైపే ఉంటాను.

హీలియం-3: కొనేవాడున్నాడు, సరుకు పల్చన

హీలియం-3 అంటే హీలియం వాయువులో తేలికైన, అరుదైన రకం. దాన్ని చాలాకాలం ఫ్యూజన్ విద్యుత్తు పేరుతో, అంటే పరమాణు కేంద్రకాలను కలిపి తీసే కరెంటు పేరుతో అమ్మజూపారు. ఆ మాట ఇప్పటికి వదిలేయండి. హైడ్రోజన్‌లో బరువైన రకాలైన డ్యూటీరియం, ట్రిటియంలతో చేసే మామూలు ఫ్యూజన్ విద్యుత్తే ఇంకా గ్రిడ్‌కు చేరలేదు, హీలియం-3కి అంతకన్నా కొన్ని రెట్లు ఎక్కువ వేడి కావాలి. అసలు గిరాకీ ఇప్పుడు వేరే చోట ఉంది. క్వాంటమ్ కంప్యూటర్లను అంతకన్నా చలి సాధ్యం కాని నిరపేక్ష శూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరిచే ఫ్రిజ్‌లలో హీలియం-3 కావాలి. భూమి మీద దొరికేది దాదాపు అంతా ట్రిటియం క్షీణించగా వచ్చే కొద్దిపాటి వాయువే. ఇంటర్‌లూన్ అనే కంపెనీ చంద్రుడి నుంచి తెస్తామంటోంది. 2029లోగా 3 లీటర్లు కొనేందుకు అమెరికా ఇంధన శాఖ ఒప్పుకుంది. బ్లూఫోర్స్ అనే ఫ్రిజ్‌ల కంపెనీ 2028 నుంచి ఏడాదికి 10 వేల లీటర్ల దాకా కొంటామని 2025లో ప్రకటించింది. అంతరిక్ష గనుల చరిత్రలో పేరున్న కొనుగోలుదారులు నిజంగా వాడుకోవడానికి సంతకం చేసిన సరుకు ఇదొక్కటే అనవచ్చు. మొదటి ప్రశ్నకు మంచి మార్కులే పడతాయి.

మూడో ప్రశ్న దగ్గర పెన్సిల్ తీసుకోవాలి. 10 వేల లీటర్ల వాయువు బరువు కిలోన్నర కూడా ఉండదు, సుమారు 1.34 కిలోలు. చంద్రుడి మన్నులో హీలియం-3 వంద కోట్ల పాళ్లలో పది పాళ్ల లెక్కన ఉంటుంది. అంటే ఒక్క గ్రాము కోసం వంద టన్నుల మన్ను, ఉన్నదంతా రాబట్టగలిగితేనే. ఏడాది సరుకుకు లక్షా 34 వేల టన్నులు. చంద్రుడి రాత్రి రెండు వారాలు ఉంటుంది, అప్పుడు పని ఆగితే పగటి పూట రోజుకు 700 టన్నులకు పైగా తవ్వి, వేడిచేసి, వాయువు పట్టి, వేరుచేయాలి. ఇప్పటిదాకా చంద్రుడి నుంచి మనుషులూ యంత్రాలూ కలిసి తెచ్చింది అర టన్ను లేదు.

ఆదాయం వైపు చూస్తే, కిలోకు దాదాపు 2 కోట్ల డాలర్ల ధర అని చెబుతున్నారు. ఏడాదికి రెండున్నర కోట్లకు కాస్త పైన వస్తుంది. చంద్రుడి మీదికి ఒక్క చిన్న ల్యాండర్ ప్రయాణానికే నాసా 10 కోట్ల డాలర్ల దరిదాపుల్లో చెల్లిస్తోంది. ఆ ప్రయాణం ఖర్చు పదో వంతుకు పడిపోతే తప్ప ఈ లెక్క కుదరదు. పెద్ద రాకెట్లు అనుకున్నట్టు పనిచేస్తే ఆ తగ్గుదల రావచ్చు. అందుకని దీన్ని కొట్టిపారేయను. పోయినా పర్వాలేదనుకున్న డబ్బు మాత్రమే ఇందులో పెట్టాలి.

గ్రహశకలాలు: ఎంతో సంపద, ఎంతో దూరం

ఇక్కడ చరిత్రే మంచి సలహాదారు. 2012లో గ్రహశకలాలు తవ్వుతామంటూ ప్లానెటరీ రిసోర్సెస్ అనే కంపెనీ పెద్ద పెద్ద పేర్ల మదుపరులతో బయటికొచ్చింది. 2018లో ఒక బ్లాక్‌చెయిన్ కంపెనీ దాన్ని కొనేసింది, గనుల ఊసు ఆగిపోయింది. అలాంటిదే డీప్ స్పేస్ ఇండస్ట్రీస్ 2019 మొదట్లో ఇంకో కంపెనీలో కలిసిపోయింది. అయితే డీప్ స్పేస్ వాళ్లు తయారుచేసిన నీటి ఆవిరితో నడిచే చిన్న ఇంజిన్ మాత్రం బతికింది. హాక్‌ఐ 360 అనే కంపెనీ తన ఉపగ్రహాలకు దాన్ని పెట్టుకుంది. గ్రహశకలం కోసం కన్న కలలోంచి కొనేవాడు దొరికిన భాగం భూకక్ష్యలోనే తేలింది. ఆస్ట్రోఫోర్జ్ అనే ఇంకో కంపెనీ 2025 ఫిబ్రవరిలో ఓడిన్ అనే నౌకను ఒక గ్రహశకలం ఫొటోల కోసం పంపింది. బయల్దేరాక సంబంధాలు తెగిపోయాయి.

ప్లాటినం లెక్క వేసి చూడండి. లోహ గ్రహశకలంలో టన్నుకు 50 గ్రాములు ఉన్నాయనుకుంటే, భూమి మీది మంచి గనులకన్నా పదింతలు బాగున్నట్టే. అయినా ఒక టన్ను ప్లాటినం కోసం 20 వేల టన్నుల గట్టి లోహాన్ని, బరువే లేని చోట, మనిషి చేయి లేకుండా శుద్ధి చేయాలి. ఆ టన్ను విలువ కొన్ని కోట్ల డాలర్లే. కొన్ని వందల టన్నులు తెస్తే లాభమేమో అనుకుంటే, ప్రపంచంలో గనుల నుంచి ఏటా వచ్చే ప్లాటినమే 200 టన్నుల లోపు. అంత సరుకు ఒకేసారి దిగితే ధర కుప్పకూలుతుంది, దాంతోపాటే ఆ వ్యాపారపు లెక్కా.

గ్రహశకలం నేల ఎలాంటిదో కూడా తెలుసుకోవాలి. 2020 అక్టోబరులో ఒసైరిస్-రెక్స్ చేయి బెన్నూను తాకినప్పుడు గట్టి నేల తగులుతుందనుకున్నారు. చేయి అర మీటరు దాకా లోపలికి దిగిపోయింది. పైకి రాళ్లలా కనిపిస్తున్నా ఒకదానికొకటి అంటుకోని కుప్ప అది. వెనక్కి ఎగరడానికి ఇంజిన్లు వెలిగించకపోతే ఇంకా లోపలికి పోయేది. మట్టి ఎక్కువ పట్టేసి మూత సరిగా పడలేదు, రాళ్లు చిక్కుకుని కొంత సరుకు అంతరిక్షంలోకి జారిపోయింది. భూమికొచ్చాక కూడా పెట్టె మూతకున్న 35 బిగింపుల్లో రెండు ఊడిరాలేదు. కొత్త పనిముట్లు తయారుచేసుకుని 2024 జనవరిలో తీశారు. చేతికందే దూరంలో, శుభ్రమైన గదిలో, ప్రపంచంలోని మేటి ఇంజినీర్లకు రెండు బిగింపులు నెలలు తినేశాయి. కోట్ల కిలోమీటర్ల అవతల యంత్రం ఒంటరిగా ఇరుక్కుంటే ఎవరు తీస్తారు?

గ్రహశకలాల్లో నాకు ఆశ ఉన్నది నీరు పట్టుకున్న నల్లటి, కర్బన జాతి వాటి మీద. బెన్నూలో, జపాన్ హయబుసా-2 5.4 గ్రాములు తెచ్చిన ర్యూగూలో నీటితో మారిన బంకమట్టి ఖనిజాలున్నాయి. మార్స్ ప్రయాణాలు పెరిగిన రోజున వీటి నీరు దారిలో పనికొస్తుంది. ఆ రోజు 2030ల్లో వస్తుందని నేననుకోను.

చట్టం ఎటువైపు

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ చంద్రుణ్ని గానీ, గ్రహశకలాన్ని గానీ తనదని ప్రకటించుకోకూడదు. తవ్విన సరుకు ఎవరిదన్నది అందులో స్పష్టంగా రాయలేదు. ఆ సందులోంచి 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్, 2019లో యూఏఈ, 2021లో జపాన్ చట్టాలు చేసుకున్నాయి: నేల మీద హక్కుండదు, తీసిన సరుకు మీద హక్కుంటుంది. 1979 నాటి చంద్ర ఒప్పందం వీటిని మానవాళి ఉమ్మడి వారసత్వం అంటుంది గానీ, రాకెట్లున్న పెద్ద దేశాలేవీ దానిలో చేరలేదు. 2020లో నాసా చంద్రుడి మన్ను కొంటామని నాలుగు కాంట్రాక్టులిచ్చింది. లూనార్ అవుట్‌పోస్ట్ అనే కంపెనీ కోట్ చేసిన ధర ఒక్క డాలరు. మన్ను కోసం కాదు ఆ కాంట్రాక్టు, అమ్మకం అన్న ఆనవాయితీ కోసం. ఒకే బిలం మీదికి రెండు దేశాల కంపెనీలు వస్తే ఏం చేయాలో ఈ చట్టాల్లో గట్టి జవాబు లేదు. మంచి బిలాలు చాలా లేవు కాబట్టి ఇది ధ్రువాల మంచుకు నిజమైన రిస్కు. ఎక్కడపడితే అక్కడ ఉన్న మన్నుకు ఆ బెడద తక్కువ.

ఎవరికి ఏది

చదువు ఎంచుకునేవాళ్లకు: "అంతరిక్ష గనులు" అని పేరున్న కోర్సు వెనకాల పడకండి. రోబోటిక్స్, విద్యుత్ రసాయనం, అతి శీతల ఇంజినీరింగ్, దుమ్ములో పనిచేసే యంత్రాల రూపకల్పన, ఇవి నేర్చుకుంటే భూమి మీది గనుల్లో, బ్యాటరీల్లో, ఉపగ్రహాల్లో రేపే పని దొరుకుతుంది. చంద్రుడి మీద పని మొదలైన రోజున వాళ్లకు కావలసిందీ మీరే. భూగర్భ శాస్త్రం ఇష్టమైతే మానొద్దు. బెన్నూ మట్టిని చదివే మనుషులు ఈ తరంలో కొద్దిమందే ఉన్నారు, ఆ పనికి డబ్బుతో పోల్చలేని ఆనందం ఉంది.

చిన్న కంపెనీకి: మీ వస్తువు చంద్రుడికి వెళ్లేలోపు భూకక్ష్యలో ఎవరికైనా అమ్ముడుపోతుందా చూసుకోండి. డీప్ స్పేస్ ఇంజిన్‌లాగా. ఉపగ్రహాలు పట్టుకునే చేతులు, కక్ష్యలో ఇంధనం నింపే గొట్టాలు, దుమ్ము తట్టుకునే కీళ్లు, ఇలాంటివి రెండు చోట్లా పనికొస్తాయి. గని కంపెనీ కట్టడం కన్నా గని కంపెనీలకు పనిముట్లు అమ్మడం తక్కువ టెన్షన్.

డబ్బు పెట్టేవాళ్లకు నా వరుస ఇది. ముందు భూకక్ష్య సేవలు, అందులోనూ ఇప్పటికే బిల్లు కట్టే కస్టమర్లున్నవి. తర్వాత కక్ష్యలో మరమ్మతు. చంద్రుడి ఆక్సిజన్ మీద కొద్ది మొత్తం, పదిహేనేళ్లు ముట్టుకోనక్కర్లేనిది. హీలియం-3 మీద ఇంకా కొద్ది. గ్రహశకలాల లోహాల మీద ఏమీ వద్దు. ఎవరైనా కంపెనీ తమకు కోట్ల డాలర్ల ఒప్పందాలున్నాయని చెబితే ఆ కాగితంలో మూడు చోట్ల చూడండి. డబ్బు ముందే ఇస్తారా, సరుకు చేతికందాకే ఇస్తారా? పరిమాణం దగ్గర "దాకా" అన్న మాట ఉందా? సరుకు అందకపోతే కొనేవాడు నష్టపోతాడా, ఊరికే తప్పుకుంటాడా? అందాకే చెల్లించే ఒప్పందమైతే అది ఆదాయం కాదు, ఆసక్తి వ్యక్తం చేసిన ఉత్తరం. దాన్ని ఆ విలువకే తీసుకోండి. వైపర్ ధ్రువం దగ్గర నేల తవ్వి అంకెలు పంపిన రోజున ఈ వరుసలో మొదట మారేది మంచు, మన్ను స్థానాలే. ఆ అంకెల్లో ముందు చూడాల్సింది నీటి శాతం ఒక్కటే కాదు, ఎంత లోతులో ఉంది, పక్కపక్క రంధ్రాల్లో ఒకేలా ఉందా అన్నవి కూడా.